ఇర్యా ఎగ్గొట్టిన ఆఖరి అసైన్‌మెంటు

కౌకో ఏ వంటకాన్ని మెచ్చుకోవాలన్నా ఒకటే మాట అనేవాడు. "తినొచ్చు."

పెళ్ళయిన కొత్తలో ఆ మాట విని ఇర్యా పక్కగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. అది ఎంత పెద్ద మాటో ఆమెకి అత్తగారి అంత్యక్రియలనాడు గాని తెలియలేదు. భోజనాల దగ్గర తల్లి గురించి నాలుగు మాటలు చెప్పమని పాస్టరు అడిగితే కౌకో లేచి నిలబడి, చాలాసేపు బల్లమీది గుడ్డని సర్ది, "అమ్మ చేసిన చేపల రొట్టె... తినొచ్చు" అని కూర్చుండిపోయాడు. ఆడవాళ్ళందరూ చేతిరుమాళ్ళు తీశారు.

హెల్సింకీకి చాలా ఉత్తరాన, కైనూ అడవుల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఇర్యా బడి వంటశాల నడిపేది. గురువారం గురువారం బఠాణీ సూపూ, ఓవెన్‌లో కాల్చిన అట్టూ. ఆమె ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఒక్క పిల్లాడు కూడా సూపు బావుందనలేదు. గిన్నె ఖాళీ అయ్యేది. ఖాళీ గిన్నెని కడుగుతున్నప్పుడు ఇర్యా సన్నగా ఈలవేసేది. అంతకు మించిన పొగడ్త ఎవరైనా పొగిడి ఉంటే, వీడికేం కావాలో అని ఆమె అనుమానపడేదే.

మోకాలికి ఆపరేషను జరిగిన చలికాలంలో ఆమె ఇంటిపట్టున కూర్చోవలసి వచ్చింది. దక్షిణాదిన ఉన్న ఒక విశ్వవిద్యాలయం ఎవరైనా ఉచితంగా చేరగల ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోందని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. జాబితాలో మేనేజ్‌మెంటులూ, కంప్యూటర్లూ దాటుకుంటూ పోతే అట్టడుగున "చిత్తడి నేలలు, వాటి నాచులు" అని కనబడింది. చిన్నప్పటినుంచీ కాలుపెడితే మోకాలిదాకా దిగబడే ఆ నేలల గురించి చదువుకోవలసింది ఏముంటుందో చూద్దామని చేరింది. వసంతం వచ్చేసరికి మోకాలు బాగైంది. నాచు మాత్రం వదల్లేదు.

పాఠం చెప్పే ఏరిక్‌కి సన్నటి మెడ, ఎప్పుడూ అదే నీలం స్వెటరు. తల్లి పిల్లాడి నెత్తిలో పేలు చూసినట్టుగా పటకారుతో నాచుని విడదీసి చూపించేవాడు. నవ్వేవాడు కాదు, నవ్వించేవాడు కాదు. ఇర్యాకి అది నచ్చింది. ఆమె వంటింటి బల్లమీద ల్యాప్‌టాప్ పెట్టుకునేది. వెనక ఊగుడు కుర్చీలో కౌకో పేపరు విప్పుకుని కూర్చునేవాడు. దుంగల లారీ నడిపి నడిపి రిటైరయ్యాక అతనికి కదలకుండా ఊగడం ఒక సుఖం.

"ఇంకా నాచేనా?" అనేవాడు పేపరు వెనకనుంచి.

"ఇంకా నాచే."

"అయిపోదా అది?"

"నీ పేపరు అయిపోతోందా?"

కోర్సుకి ఒక కబుర్ల పేజీ ఉంది. వేలమంది చేరే ఆ కోర్సులో మంచు పడేసరికి చాలామంది జారుకునేవాళ్ళు. మిగిలినవాళ్ళు మటుకు ఏటా వాళ్ళే. లాప్లాండ్‌లో మంచుదారులు ఊడ్చే బండి నడిపి రిటైరైన ఓయివా ఒకడు. ఏ పాఠం అయినా సరే, చివర్లో అతను సౌనా అనే ఆవిరిస్నానాల గది కప్పుమీది నాచు ఎలా గీకాలో అడిగేవాడు. కూసమోలో మంత్రసాని ఉద్యోగం చేసే తెర్హి ఒకతె. ఆవిడకి ప్రతి నాచూ అప్పుడే పుట్టిన ఎవరో ఒకరి జుట్టులాగే కనబడేది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడలేదు. ఆదివారం పొద్దున్నే కాఫీ పెట్టుకుని ఆ పేజీ తెరిస్తే గాని ఇర్యాకి ఆదివారం అయినట్టుండేది కాదు.

ఏటా వసంతానికి ఆమె పాఠాలన్నీ విని, పరీక్షలన్నీ రాసి, ఆఖరి అసైన్‌మెంటు దగ్గర ఆగిపోయేది. కోర్సు ఎలా ఉందో ఐదుకి మార్కులు వెయ్యమన్న సర్వేలో నిండు మనసుతో మూడు వేసేది. మళ్ళీ ఆకులు రాలేవేళకి కొత్తగా చేరేది.

ఆ ఏడు మే నెలలో, ఒక పాఠం మధ్యలో, ఏరిక్ పటకారు కింద పెట్టాడు.

"ఇంకో సంగతి. ఈ కోర్సు వచ్చే ఏడు ఉండకపోవచ్చు. చేరుతున్నది వేలమంది, పూర్తి చేస్తున్నవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మీ సంతృప్తి కూడా అంతంతమాత్రంగా ఉందని పైవాళ్ళు అంటున్నారు. జూన్ ఆఖరుకి ఈ అంకెలు మారకపోతే ఆపేస్తారు." పటకారు మళ్ళీ తీసుకున్నాడు. "సరే. ఈ కాండం చూడండి."

ఇర్యా కాండం చూడలేదు. కాఫీ గ్లాసు ఠక్కున పెట్టింది.

"విన్నావా కౌకో? ఎవరో ఆ అబ్బాయికి తక్కువ మార్కులు వేస్తున్నారట!"

పేపరు కదలలేదు. "హెల్సింకీ వాళ్ళయ్యుంటారు."

"వాళ్ళే! అన్నీ చేతికందాలి వాళ్ళకి. బురద కూడా కంప్యూటర్లోంచి పారాలి."

అదే కోపంతో కబుర్ల పేజీలో రాసింది: ఏరిక్‌కి తక్కువ మార్కులు వేసిన పెద్దమనుషులెవరో ముందుకి రావాలి.

ముందుగా వచ్చినవాడు ఓయివా. "నేను మూడేశాను," అని రాశాడు.

"మూడా? ఎందుకు?"

"బావుంది కాబట్టి."

తెర్హి రాసింది: "నేను మొదటి ఏడు రెండు వేశా. మెరుగవడానికి చోటు ఉంచాలి కదా. కిందటేడు మూడుకి పెంచా. ఎవరూ గమనించినట్టు లేదు."

"నువ్వెంత వేశావు ఇర్యా?" అని ఓయివా అడిగాడు.

ఇర్యా స్క్రీను వంక చూస్తూ కూర్చుంది. తర్వాత రాసింది. "మూడు."

"అదిగో. మంచి కోర్సది."

"మంచిదే. మూసేస్తున్నారు."

 మళ్ళీ తెర్హి రాసింది. "మార్కుల సంగతి తర్వాత. ఆఖరి అసైన్‌మెంటు ఎవరైనా పంపారా?"



"మ్యాపు అడుగుతున్నాడు కదా," అన్నాడు ఓయివా.

"అవును. మ్యాపు."

"అదీ సంగతి."

వాళ్ళ మధ్య ఇంతకంటే చెప్పుకోవలసింది లేదు. ఆఖరి అసైన్‌మెంటులో మీకు బాగా తెలిసిన ఒక చిత్తడి నేలని వర్ణించండి, అక్కడి నాచులు చెప్పండి, మ్యాపుమీద చోటు గుర్తుపెట్టండి అని ఉంటుంది. ఉత్తరాది మనిషికి బాగా తెలిసిన చిత్తడి అంటే హిల్లా పళ్ళు ఏరుకునే చిత్తడే. మొక్కకి ఒక్కటే కాస్తుంది ఆ పండు, తేనెరంగులో. అది ఎక్కడ దొరుకుతుందో అక్క చెల్లెలికి చెప్పదు. ఎవరైనా అడిగితే వాన గురించి మాట్లాడతారు. ఆ చోటుని మ్యాపుమీద ఎర్రచుక్క పెట్టి విశ్వవిద్యాలయానికి పంపడమంటే, ఇంటి తలుపులు తీసిపెట్టి బెంచీమీద బెడ్డింగు పరిచి దొంగని పిలవడమే.

"ఒకసారి నేను పంపానులే," అని చివరికి ఓయివా ఒప్పుకున్నాడు. "వేరే చోటు గుర్తుపెట్టి పంపా. ఏరిక్ ఫెయిల్ చేశాడు. 'మీరు చూపించిన చోట గోలుపోస్టులు కనబడుతున్నాయి' అని రాశాడు."

మధ్యాహ్నం మిగిలిన బఠాణీ సూపు కౌకో ముందు పెట్టి, ఇర్యా ఎదురుగా కూర్చుంది. అతను రెండు చెంచాలు తాగేదాకా ఆగింది.

"కౌకో. నేను ఆ అసైన్‌మెంటు పంపుదామనుకుంటున్నా."

"పంపు."

"మ్యాపుతో."

చెంచా ఆగిపోయింది.

"ఏ చిత్తడి?"

"నాకు తెలిసిందొకటే కదా."

కౌకో చెంచాని బల్లమీద, గిన్నె పక్కన, గుడ్డ అంచుకి సమానంగా పెట్టాడు. అంత కోపం ఆమె అతనిలో, లారీ చెట్టుకి గుద్దుకున్ననాడు కూడా చూడలేదు.

"అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, డాక్టర్ని బయటికి పంపించి, నర్సుని బయటికి పంపించి, తలుపు వేయించి నా చెవిలో చెప్పిన చోటది."

"తెలుసు."

"నీకు కూడా నేను ఎన్నేళ్ళకి చూపించా?"

"అదీ తెలుసు. అన్నేళ్ళూ కార్లో కూర్చోబెట్టావు. దోమలతో."

"అద్దాలు ఎత్తుకోమన్నాను కదా." గిన్నె వంక చూశాడు. "ఇల్లు రాసిచ్చెయ్యి, నేనేమనను. ఆ చుక్క మటుకు పెట్టకు."

"చుక్క పెట్టకపోతే ఏరిక్ పాఠం ఉండదు. ఓయివా ఉండడు, తెర్హి ఉండదు. ఆదివారం పొద్దున్న నేనేం చెయ్యాలి, నీ పేపరు వెనకవైపు చదవాలా?"

"వెనకవైపు వాతావరణం ఉంటుంది. బాగానే రాస్తారు."

ఇర్యా గిన్నె తీసేసింది. కౌకో తాగని సగం సూపు అందులోనే ఉంది.

మర్నాడు ఆమె ఎవరూ చెయ్యని పని చెయ్యడానికి నిశ్చయించుకుంది. ఏరిక్‌కి ఫోను చెయ్యాలి. నంబరు కోర్సు పేజీలో కింద ఉంది; దాన్ని ఎవరూ ఉపయోగించిన దాఖలాలు లేవు. ముందు కాఫీ పెట్టుకుంది. తర్వాత ఓవెను లోపల తోమింది. ఓవెను తళతళలాడాక ఇక తోమడానికి ఏమీ మిగలక నంబరు నొక్కింది.

"హలో," అన్నాడు ఏరిక్ కంగారుగా. "ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. నేను ఇర్యాని, కైనూనుంచి. నీ కోర్సు విద్యార్థిని."

ఆ దేశంలో బిషప్పుని కూడా నువ్వనే అంటారు. అయినా నీలం స్వెటరు మనిషిని నువ్వనడానికి ఆమె గుటక వెయ్యాల్సి వచ్చింది.

"విద్యార్థులు ఫోను చేస్తారని నాకు తెలీదు," అన్నాడతను.

"చెయ్యరు. నీ ఆఖరి అసైన్‌మెంటు సంగతి చెబుదామని. మ్యాపు అడిగితే ఎవరూ పంపరు."

"ఎందుకని? గీయడం కష్టంగా ఉందా?"

"హిల్లా," అంది ఇర్యా.

 లైను తెగిందేమోనని ఆమె ఫోను చెవినుంచి తీసి చూసుకుంది.

"నేను దక్షిణాన తూర్కూలో పెరిగాను," అన్నాడు చివరికి. "ఆ పళ్ళు మేం సంతలో కొనుక్కుంటాం."

"అయ్యో," అంది ఇర్యా, మనస్ఫూర్తిగా.

"అయితే ఆ గోలుపోస్టులాయన..."

"ఓయివా. మంచివాడే."

ఏరిక్ ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. "మ్యాపు తీసేద్దామంటే, నిజంగా చిత్తడిలోకి వెళ్ళి చూశారని నాకెలా తెలుస్తుంది? సోఫాలో కూర్చుని ఏదైనా రాయొచ్చు. పైవాళ్ళు అదే అడుగుతారు. మ్యాపు బదులు ఏం అడగాలో ఇక్కడ కూర్చుంటే నాకు తోచదు. నేను ఒకసారి వచ్చి మీ చిత్తడి చూస్తే?"

ఇర్యా ఊగుడు కుర్చీ వైపు చూసింది. పేపరు చాలాసేపటినుంచి పేజీ తిరగలేదు.

"వచ్చి చూస్తాడట," అంది ఫోనుమీద చెయ్యి అడ్డుపెట్టి.

"రానీ," అన్నాడు కౌకో పేపరు వెనకనుంచి. "కళ్ళు మూసుకుని రమ్మను."

ఏరిక్ జూన్ మధ్యలో, కయానీ స్టేషన్లో రైలు దిగాడు. నీలం స్వెటరు నిజంగానే ఉంది. మెడ వీడియోలోకంటే సన్నంగా ఉంది. వంటింట్లో కాఫీ, దాల్చినచెక్క బన్నులు అయ్యాక కౌకో అతని ఫోను తీసుకుని రొట్టెల డబ్బాలో పెట్టి మూత వేశాడు. తన పాత రబ్బరు బూట్లు ఇచ్చాడు. కారెక్కాక ఉన్ని టోపీ ఒకటి తీసి ఏరిక్ తలకి తొడిగి, ముక్కుదాకా లాగాడు.

"ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది."

"ఐతే సరే."

చిత్తడి ఇంటికి దగ్గరే. కౌకో మాత్రం రంపపుమిల్లు మీదుగా వెళ్ళి, చర్చి చుట్టూ తిప్పి, హైవే ఎక్కించి, దింపి, మళ్ళీ చర్చి మీదుగా తెచ్చాడు. కూడలి వచ్చినప్పుడల్లా ఎవరూ రాకపోయినా ఆగేవాడు, దారి ఎన్నుకుంటున్నట్టు. ఇర్యా వెనకసీట్లో కూర్చుని కిటికీలోంచి ఒకే ఆవుల కొట్టాన్ని మళ్ళీ మళ్ళీ చూసింది.

చాలాసేపటికి టోపీలోంచి ఏరిక్ మర్యాదగా అన్నాడు. "ఈ పేడ వాసన ఇందాక కూడా వచ్చినట్టుంది."

"ఇక్కడ ఆవులు ఎక్కువ," అన్నాడు కౌకో.

అడవిలో కారు ఆపి, చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకెళ్ళాడు. కాళ్ళకింద నేల మెత్తబడి, ఊగి, నీళ్ళు గుడగుడలాడాక టోపీ తీసేశాడు.

ఏరిక్ కళ్ళు చికిలించి చూశాడు. గూని పైన్ చెట్లు, మధ్యలో దిబ్బలు దిబ్బలుగా నాచు, అంచుల్లో తెల్లగా హిల్లా పూలు. అతను పూలని అసలు చూడలేదు. స్వెటరు, పాంటు ఏమైపోతాయో ఆలోచించకుండా బోర్లా పడుకుని, జేబులోంచి భూతద్దం తీసి, ఒక దిబ్బలో మొహం పెట్టేశాడు.

"వీడికి బాగాలేదా?" అన్నాడు కౌకో లోగొంతుకతో.

"పాఠం చెబుతున్నాడు. ఉండు."

"తుప్పురంగు నాచు," అన్నాడు ఏరిక్ నేలతోనే మాట్లాడుతున్నట్టు. "ఇంత పెద్ద దిబ్బా! దీని అడుగునున్న పొర ఎప్పటిదో తెలుసా?"

"మంచుయుగం వెళ్ళిపోయిన కొత్తలోది," అన్నాడు కౌకో. "పైన పెరుగుతూ ఉంటుంది, కింద చచ్చిపోతూ ఉంటుంది, కుళ్ళదు. పక్కన ఆ ఎర్రది వేరే జాతి. దానికి నీళ్ళు దగ్గరగా కావాలి, అందుకే దిబ్బ ఎక్కదు."

ఏరిక్ తలెత్తాడు. ఇర్యా కూడా తిరిగి చూసింది. కౌకో చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వే కదా చెప్పావు," అన్నాడు ఏరిక్‌తో, తప్పు అతనిదన్నట్టు. "శరదృతువులో."

"నువ్వు పేపరు చదువుతున్నావుగా!" అంది ఇర్యా.

"చదువుతున్నాను. చెవులు ఖాళీగా ఉంటాయి."

"అన్నేళ్ళూ?"

"కుర్చీ అక్కడుంది మరి. నేనెక్కడికి పోను?"

ఏరిక్ లేచి కూర్చున్నాడు. ముందువైపంతా తడిసి ముద్దయి, గడ్డానికి ఒక నాచు పోగు అంటుకుని ఉంది. చుట్టూ చూశాడు, తర్వాత కిందికి చూశాడు. "ఇక్కడ నేను ఫొటో తీస్తే," అన్నాడు మెల్లగా, "వంగి, సూటిగా కిందికి తీస్తే, నాచు తప్ప ఇంకేం కనబడదు. చెట్టు కనబడదు, చెరువు కనబడదు. నాచులో ఎండా తేమా తెలుస్తాయి. మీరు నిజంగా వెళ్ళారని నాకు తెలుస్తుంది. ఎక్కడికో తెలీదు."

కౌకో ఆలోచించాడు. నాచు ఫొటోని తల్లి చెప్పిన మాటకి ఎదురుగా పెట్టి తూచినంతసేపు ఆలోచించాడు.

"నీ బూటు కనబడకూడదు," అన్నాడు. "బూటునిబట్టి కూడా కనిపెట్టేస్తారు కొందరు."

"బూటు ఉండదు."

"అయితే ఇవ్వొచ్చు."

తిరుగు ప్రయాణంలో టోపీ మళ్ళీ తొడిగారు. ఏరిక్ తనే ముక్కుదాకా లాగేసుకున్నాడు. కౌకో ఈసారి ఆవుల కొట్టాన్ని ఒక్కసారి మాత్రమే చూపించాడు.

ఆ వారమే కోర్సు పేజీలో ప్రకటన వచ్చింది. ఆఖరి అసైన్‌మెంటులో మ్యాపు అక్కర్లేదు. నాచు ఫొటో చాలు, నేరుగా పైనుంచి, చుట్టుపక్కల ఏమీ కనబడకుండా. ఎక్కడ అని ఎవరూ అడగరు.

కబుర్ల పేజీలో ఎవరూ ఏమీ అనలేదు. అసైన్‌మెంట్లు మాత్రం రావడం మొదలుపెట్టాయి. ఏళ్ళ తరబడి ఆఖరిమెట్టు దగ్గర కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారి లేచారు. ఓయివా పంపిన ఫొటోలో నాచు మీద తన టోపీ కప్పి, మధ్యలో చిన్న రంధ్రంలోంచి చూపించాడట, జాగ్రత్త మంచిదని. ఏరిక్ దాన్ని కూడా పాస్ చేశాడు.

ఇర్యా తన అసైన్‌మెంటు పంపిన సాయంత్రం సర్వే తెరుచుకుంది. ఐదు చుక్కలు వరసగా ఉన్నాయి. మౌసు మూడు మీదికి దానంతటదే వెళ్ళింది.

"కౌకో. ఎంతెయ్యాలి?"

"మూడు చాలదా?"

"మూడేస్తే మళ్ళీ మూసేస్తామంటారు."

అతను లేచి వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు. సౌనా వేడెక్కింది, చంకలో తువ్వాలు సిద్ధంగా ఉంది.

"ఐదు వేస్తే?" అంది ఇర్యా.

"ఐదేస్తే ఆ కుర్రాడు భయపడతాడు. మనింట్లో ఏదో అయిందనుకుంటాడు."

"నాలుగు?"

కౌకో తువ్వాలు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "నాలుగు. వెయ్యి. మనసు మార్చుకునేలోపల వెయ్యి."

వేసింది. ఇద్దరూ కాసేపు ఆ నాలుగుని చూస్తూ నిలబడ్డారు, కొన్నాక ఖరీదు గుర్తొచ్చిన సోఫాని చూసినట్టు. కింద ఒక పెట్టె ఉంది: ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?

"తినొచ్చు అని రాయి," అన్నాడు కౌకో.

"పాఠాన్ని తింటారా ఎవరైనా?"

"నువ్వు రాయి." తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు. "వాడికి తెలీకపోతే ఫోను చేస్తాడు. నంబరుంది కదా."

జులై ఆఖర్లో హిల్లా పండింది. ఈసారి కౌకో పెద్ద సీసా ఒకటి విడిగా నింపి, మూత బిగించి, ఏరిక్ పేరు రాసి, కారు తాళాలు తీశాడు.

"పోస్టాఫీసు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది కదా," అంది ఇర్యా.

"ఇక్కడ వేస్తే ఈ ఊరి ముద్ర పడుతుంది."

"మన ఊరు అతనికి తెలుసు! మన వంటింట్లో బన్ను తిన్నాడు!"

"వాడికి తెలుసు. దారిలో సంచీ మోసేవాళ్ళకి తెలీదు." అని కౌకో రెండు ఊళ్ళ అవతల ఉన్న పట్టణానికి వెళ్ళి పార్సెలు వేసి, రాత్రి భోజనాలవేళ దాటాక తిరిగొచ్చాడు. చర్చి చుట్టూ ఒకసారి తిప్పి వచ్చాడని కారు చప్పుడునిబట్టి ఇర్యాకి తెలిసింది.

కోర్సు పూర్తి చేసినవాళ్ళు మళ్ళీ చేరడానికి వీల్లేదని ఆగస్టులో తెలిసింది. ఇర్యా పేరు కొట్టగానే "మీరు ఈ కోర్సు ముగించారు" అని వచ్చింది. ఆమె ఆ మాటవంక, ఖాళీ అయిన గిన్నెని కాదు, పోగొట్టుకున్న గిన్నెని చూసినట్టు చూసింది. కౌకో ఊగుడు కుర్చీలోంచి లేచి, ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టాడు.

"పక్కకి జరుగు," అన్నాడు. "నువ్వు కుర్చీలో కూర్చో. పేపరుంది."

మొదటి పాఠం రోజున ఏరిక్ నీలం స్వెటరుతోనే వచ్చాడు. ముందువైపు ఒక గోధుమరంగు మరక, ఉతికినా పోనిది. కోర్సు కొనసాగుతుందని చెప్పాడు, ముగించినవాళ్ళ సంఖ్య చూసి పైవాళ్ళు ఆశ్చర్యపోయారని చెప్పాడు, సంతృప్తి ఇంకా మూడు దగ్గరే ఉందని, దాని సంగతి వాళ్ళకి తను వివరించానని చెప్పాడు. పటకారు చేతిలోకి తీసుకుని, మళ్ళీ ఆగాడు.

"ఎక్కడినుంచో ఒక సీసా వచ్చింది," అన్నాడు. "ఎక్కడినుంచో నాకు తెలీదు." కాసేపు నాచు వంక చూశాడు. "తినొచ్చు."

కౌకో కదలకుండా కూర్చున్నాడు. వెనక కుర్చీలో ఇర్యా ఏదో అనబోయింది.

"ష్," అన్నాడతను. "పాఠం వినబడట్లేదు."